గోడకు పట్టిన చెమట

పోయిన వారం మన కోడల్ని మందుల గోదాము గేటు బయట, పొద్దెక్కిన ఎండలో నిలబెట్టి వచ్చాం. తలనొప్పి అని సూపర్వైజరుతో అబద్ధమాడి బయటపడింది. ఆమెకున్నది తలనొప్పి కాదు, అనుమానం. దానికి అంత పెద్ద గోదాములో ఒక్క మాత్ర కూడా లేదు.

మధ్యలో చేరినవాళ్ళ కోసం రెండు ముక్కలు. వీళ్ళ పడకగది గోడకు నల్ల బూజు పట్టింది. తుడిస్తే పోతుంది, వారం తిరక్కుండా మళ్ళీ తేలుతుంది. అదే గదిలో పడుకునే ఒక్కగానొక్క కూతురు చిట్టికి దగ్గు పట్టుకుని వదలడం లేదు. ఊపిరి తీస్తే పిల్లికూన మూలిగినట్టు ఛాతీలో చప్పుడు. డాక్టరమ్మ గొట్టం పెట్టి విని, "ముందు గది ఆరబెట్టుకోండి. చేతకాకపోతే ఈ ఉక్కపోత నెలలు గడిచేదాకా పిల్లను పొడిగా ఉండే ఇంట్లో ఉంచండి" అని తేల్చేసింది. ఆ మాట బయటికి రావడమే ఆలస్యం, వదిన ముందుకొచ్చింది. వదిన అంటే భర్తకు అక్క. ఊరి చివర మిట్ట మీద గాలీ వెలుతురూ ధారాళంగా వచ్చే ఇల్లు ఆవిడది. పిల్లలు లేరు. రేపు ఆదివారం కారు తీసుకొచ్చి చిట్టిని తీసుకెళ్తానంది. కొన్నాళ్ళేగా అని కోడలు గుండె రాయి చేసుకుంది. తీరా నిన్న ఫోన్లో వదిన నోరు జారింది. "ఇక్కడి బళ్ళో మాట్లాడేశాను, సీటుందట" అనేసి, వెంటనే వానల సంగతి ఎత్తుకుంది. నాలుగు రోజులుండి వచ్చే పిల్లకు కొత్త బళ్ళో సీటెందుకు? కోడలికి రాత్రంతా కంటి మీద కునుకు లేదు.

ఇంతకీ ఆమె ఉద్యోగం ఏమిటో మర్చిపోలేదుగా. గోదాములో గదిగదికీ తిరిగి వేడి ఎంతుంది, తేమ ఎంతుంది అని చూసుకోవడం. మందుల అట్టపెట్టెకు కాస్త చెమ్మ తగిలిందంటే ఇల్లు పీకి పందిరేస్తుందని పనివాళ్ళు చాటుగా నవ్వుకుంటారు. అలాంటి మనిషి సొంత పడకగదిలో గోడ నల్లబడేసరికి తల కొట్టేసినట్టయింది. చెయ్యని పని లేదు. మంచాన్ని గోడ నుంచి జరిపింది. బీరువా వెనక చెయ్యి దూరేంత సందు వదిలింది, గాలి ఆడాలని. తడి తువ్వాళ్ళు గదిలోకి రాకూడదని మొగుడికి హుకుం జారీ చేసింది. స్నానాలగది ఫ్యాను స్నానం అయ్యాక కూడా తిరుగుతూనే ఉండాలంది. వెనిగర్ పెట్టి గోడ తుడిచింది, ఆ వాసనకు ఇంట్లో ఎవరూ రెండు రోజులు సరిగా తినలేదు. ఏసీని మరీ మంచుగడ్డ చెయ్యకుండా తేమ లాగే పద్ధతిలో పెట్టింది. కిటికీ తెల్లవారుజామున తప్ప తీయొద్దంది. బయట వేడిగాలిలో బోలెడు నీరుంటుందనీ, అది చల్లటి గోడకు తగిలితే చెమట పట్టినట్టు పట్టేస్తుందనీ అందర్నీ కూర్చోబెట్టి చెప్పింది. అందరూ తలూపారు. గోడ ఒక్కటే వినలేదు.

చివరికి గోదాములో మూలన పడేసిన పాత తేమ మీటరు అడిగి తెచ్చుకుంది. అరచేతిలో పట్టే తెల్ల డబ్బా. ఇప్పుడెంత తేమ ఉందో పైన చూపిస్తుంది, పొద్దుట్నుంచీ ఎంతదాకా ఎక్కి దిగిందో కింద చూపిస్తుంది. దాన్ని మంచం పక్కన పెట్టి పనికి వెళ్ళేటప్పుడు నూటికి యాభై. సాయంత్రం వచ్చి చూస్తే పైన అరవై చిల్లర. కింద మాత్రం ఎనభై ఎనిమిది! మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. అంటే ఆమె లేని వేళలో ఆ గది తడిసి ముద్దవుతోంది, ఆమె వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు తేరుకుంటోంది. గది తనంతట తను తడవదు కదా. పగలు ఇంట్లో ఉండేది అత్తగారు. మధ్యాహ్నం చిట్టి బడి నుంచి వచ్చేదాకా ఆవిడ ఒక్కతే.

దీనికి తోడు భర్త నవ్వులాటకు అన్న మాటొకటి బుర్రలో తిరుగుతోంది. మొన్న మీటరు చూసి, "మా అక్క పుట్టగొడుగులు పెంచినన్నాళ్ళూ షెడ్డులో ఇంత తేమ రావాలని గోనెపట్టాలు తడిపి చుట్టూ వేలాడేసేది. మనకు చూడు, పైసా ఖర్చు లేకుండా వచ్చేసింది" అన్నాడు. అంతటి శాంతమూర్తి ఆయన, కొంప మునుగుతున్నా ఒక జోకు వేసి గాని ఒడ్డుకు రాడు. వదిన ఆ వ్యాపారం మానేసి చాన్నాళ్ళయింది, షెడ్లు కూడా పడగొట్టించింది. ఆ మాటకు అప్పుడు కోడలు కూడా నవ్వింది. నిన్న ఫోన్ పెట్టేశాక మళ్ళీ గుర్తొస్తే నవ్వు రాలేదు. తేమ ఎలా పోగొట్టాలో తనకు తెలుసు. తేమ ఎలా తెప్పించాలో వదినకు తెలుసు. కూతురు ఫోన్లో చెబితే ఇక్కడ తల్లి చేస్తోందా? పిల్లలు లేని కూతురి ఒడి నింపడానికి, ఉన్న మనవరాలి ఛాతీని పాడుచేస్తుందా ఏ నానమ్మయినా?

ఛ, అనుకుంది. అనుకుంటూనే నడక వేగం పెంచింది.

వీధి మలుపు తిరిగాక తలెత్తి చూసింది. వాళ్ళది రెండో అంతస్తు. పడకగది కింద గోడ వెంట ఏసీ పైపు వేలాడుతుంటుంది. దాని చివర నుంచి నీళ్ళు టపటపా కారుతున్నాయి. కింద నేల తడిసి చిన్న మడుగు కట్టింది. పొద్దున తన చేతులతో ఏసీ ఆపి వచ్చింది. ఎవరూ లేని గదికి చల్లదనం ఎవరి కోసం?

మెట్లెక్కి తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసింది. చెప్పులు చేత్తో పట్టుకుని సొంతింట్లో దొంగలా అడుగులో అడుగేసుకుంటూ వెళ్ళింది. అత్తగారి గది ఖాళీ. మంచం మీద దుప్పటి లేదు, పరుపు గోడకు ఆనించి ఉంది. వంటగది ఖాళీ. పడకగది తలుపు మూసి ఉంది. తోసింది. లోపల గడియ!

"అత్తయ్యా!"

లోపల ఏదో కిందపడిన చప్పుడైంది.

"అత్తయ్యా, తలుపు తీయండి."

"ఇంత పెందలాడే వచ్చేశావేంటమ్మా?" అంది లోపలి నుంచి అత్తగారి గొంతు. గడియ తీసే గొంతు కాదది.

"తీయండి. నా గదేగా."

"ఒక్క నిమిషం. వస్తున్నా."

ఆ ఒక్క నిమిషంలో తాడు లాగుతున్న చప్పుడు, బకెట్టు జరిగిన చప్పుడు, ఆయాసం. కోడలు తలుపు మీద గట్టిగా కొట్టింది. అత్తగారింట్లో కోడళ్ళు కొట్టే తీరు కాదది. దాంతో లోపల గడియ తీసిన చప్పుడైంది.

కోడలు లోపలికి అడుగేసింది. కిటికీ ఊచల నుంచి బీరువా పిడికీ, బీరువా నుంచి తలుపు మేకుకీ తాళ్ళు. వాటి మీద తడి దుప్పట్లు. ఒకటి సగం లాగేసి ఉంది, అత్తగారు దాన్ని రెండు చేతులా ఛాతీకి అదుముకుని నిలబడింది. ఏసీ హోరుమంటోంది. చల్లగా, తడిగా, గాలి ముద్దలా ఉంది. భర్త చెప్పిన పుట్టగొడుగుల షెడ్డు ఆమె ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు చూస్తున్నాననే అనుకుంది.

"బాగుంది అత్తయ్యా. చాలా బాగుంది" అంది. "మీ అమ్మాయి నేర్పిందా? గోనెపట్టాలు దొరక్కపోతే దుప్పట్లు సరిపోతాయని చెప్పిందా?"

"ఏంటమ్మా నువ్వనేది?"

"నేను రాత్రంతా కూర్చుని గోడ తుడుస్తుంటే, మీరు పగలంతా తడుపుతున్నారు. నా బిడ్డ ఊపిరాడక నిద్రలో లేచి కూర్చుంటుంటే మీకు వినబడదా? రేపు కారొస్తుంది, చిట్టి వెళ్ళిపోతుంది. అక్కడ బళ్ళో సీటు కూడా అయిపోయింది. ఇక ఈ గది ఆరిపోయినా పర్లేదు కదూ?"

అత్తగారి గురించి రెండు మాటలు చెప్పాలిక్కడ. ఆవిడ పెద్దాసుపత్రి లాండ్రీలో బట్టల అజమాయిషీ చేసి రిటైరైన మనిషి. వార్డులకు వెళ్ళే ప్రతి దుప్పటీ ఆవిడ కళ్ళ ముందు మడత పడాల్సిందే. ఇస్త్రీ చెడిన జాకెట్టుతో ఆవిడను ఎవరూ చూడలేదు. మాటకు మాట అప్పజెప్పడంలోనూ దిట్ట. కోడలు ఒకటంటే రెండు వడ్డించే మనిషి, ఇప్పుడు తల దించుకుంది. మెల్లగా మంచం అంచున కూర్చుంది, ఒళ్ళో తడి దుప్పటి అలాగే ఉంది.

"మా అమ్మాయికి ఇది తెలిస్తే ఉరేసుకుంటాను" అంది.

"తెలియక ఎలా..."

"నన్ను చెప్పనీ. మళ్ళీ నోరు పెగలదు నాకు." ఆవిడ దుప్పటి అంచును వేళ్ళతో మడుస్తోంది, విప్పుతోంది. "వానలు మొదలైనప్పట్నుంచీ నా ఒళ్ళు నా మాట వినడం లేదు. దగ్గితే చాలు. తుమ్మితే చాలు. నిద్రలో అయితే అదీ అక్కర్లేదు. తెల్లారి లేస్తే పక్క తడిసి ఉంటుంది. చిన్నపిల్లలా!"

కోడలి చూపు ఆవిడ ఒళ్ళోని దుప్పటి మీదికి పోయింది.

"ఆసుపత్రిలో అలాంటి దుప్పట్లు మూటలు మూటలు వచ్చేవి. ముక్కు మూసుకుని, 'ఏ వార్డుది ఇది, మనుషులా పశువులా' అని అరిచేదాన్ని. ఆ అరుపులు ఇప్పుడు రోజూ నాకే వినబడుతున్నాయి. మీరంతా వెళ్ళాక ఉతుకుతాను. డాబా మీద ఆరేద్దామంటే మూడో అంతస్తు ఆవిడ ఉందిగా, ఎవరి తాడు మీద ఏముందో లెక్క చెబుతుంది. 'రోజూ దుప్పట్లేనా?' అని ఒకసారి అడిగేసింది. నా గదిలో ఎండా లేదు, గాలీ లేదు. ఈ గదిలో ఏసీ ఉంది. అది నీళ్ళు లాగి బయట పోస్తుందని నువ్వే చెప్పావుగా. నేను కిందికెళ్ళి చూశాను కూడా, పైపులోంచి ధారగా పోతోంది. దుప్పటి నీళ్ళన్నీ అందులోంచే పోతున్నాయనుకున్నాను. గోడకు పడుతుందని నాకేం తెలుసు? తెలిస్తే తడి పక్క మీదే పడుకునేదాన్ని కదమ్మా."

ఏడవడం ఆవిడకు చేతకాదు. చేతకాని పని చేస్తున్నట్టే ఏడ్చింది, ముక్కుతో గట్టిగా చప్పుడు చేస్తూ, తనమీద తనకే చిరాకు పడుతూ.

కోడలికి సిగ్గేసింది. ఊరికే కాదు, ఒళ్ళంతా కుదించుకుపోయేంత సిగ్గు. తర్వాత వెళ్ళి పక్కన కూర్చుని, ఆవిడ ఒళ్ళోంచి దుప్పటి తీసుకుంది.

"చిట్టిని కన్నాక నాకూ అయింది అత్తయ్యా. నెలలపాటు. తుమ్మొస్తే కాళ్ళు మెలేసుకుని నిలబడేదాన్ని. డాక్టరమ్మ వ్యాయామం చెబితే తగ్గింది. మీకూ ఏదో ఉంటుంది మందో మాకో. సోమవారం వెళ్దాం, ఇద్దరమే. ఈలోగా ఇవి డాబా మీదికే వెళ్తాయి. మూడో అంతస్తు ఆవిడ అడిగితే నావని చెప్పండి."

"నీవని ఎలా చెబుతాను? పరువు..."

"నా పరువు ఆ ఎండకు కరిగిపోదులెండి."

అత్తగారికి ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది. "మావాడికి తెలియకూడదు" అంది.

"తెలియదు. ఆయనకు తెలిస్తే జోకు వేస్తారు."

ఇద్దరూ కలిసి తాళ్ళు విప్పారు. "చిట్టి రేపు వెళ్ళక్కర్లేదు. మీ అబ్బాయికి ఆ మాట మీరే చెప్పండి" అంది కోడలు. "చెబుతాను. నా వల్ల వచ్చిన తంటా, నేనే తీరుస్తాను" అంది అత్తగారు. దుప్పట్లు బకెట్టులో వేసి డాబా మీదికి మోసుకెళ్ళి ఎండకు ఆరేసి వచ్చింది కోడలు. కూతురు తనతోనే ఉంటుందన్న ఆనందానికి మెట్లు కూడా బరువనిపించలేదు. కిందికొచ్చేసరికి అత్తగారు పరుపు సర్దుకుని నడుం వాల్చింది, తలుపు దగ్గరగా వేసి ఉంది. ఏడ్చిన అలసటకు పాపం వెంటనే నిద్రపట్టినట్టుంది.

కోడలు పడకగదిలోకొచ్చి ఏసీ ఆపబోయి, అలవాటు కొద్దీ మీటరు చూసింది.

పైన అరవై. కింద అరవై రెండు.

చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ చూసింది. గది నిండా తడి దుప్పట్లు వేలాడినా, పొద్దుట్నుంచీ తేమ ఎక్కింది అరవై రెండు దాకానే. ఏసీ నడుస్తూ లాగేస్తోంది కాబోలు. మరి రోజూ కనబడే ఆ ఎనభై ఎనిమిది? బీరువా వెనక సందులో చెయ్యి పెట్టి గోడ తడిమింది. చల్లగా ఉంది, మంచులా చల్లగా. తడి మాత్రం లేదు.

"దుప్పట్లు ఎన్నింటికి తీస్తారు అత్తయ్యా రోజూ?" అని అడగాలనుకుంది. నిద్రలేపడానికి మనసొప్పలేదు. అనుమానం ఒకసారి ఇంట్లో అడుగుపెట్టాక, పొమ్మంటే పోయే చుట్టం కాదు. అత్తగారు నిజమే చెప్పింది. అందులో సందేహం లేదు. కానీ అంతా చెప్పిందా? ఏసీని అలాగే ఉంచేసి, ఫోన్లో లైటు వేసుకుని, బీరువా పక్కకు ఒదిగి వెనక సందులోకి చూడసాగింది. నల్ల మచ్చలు కిటికీ వైపు చిక్కగా ఉన్నాయి. దూరం జరిగేకొద్దీ పల్చబడ్డాయి. దుప్పట్ల వల్లయితే గదంతా ఒకేలా ఉండాలి. కిటికీ వైపే ఎందుకు?

అంతలో బయట తలుపు చప్పుడైంది. బడి వ్యాను వచ్చేసినట్టుంది. బూట్లు విసిరేసిన శబ్దం, తర్వాత దగ్గు. "నానమ్మా" అని చిన్నగా పిలుపు. నానమ్మ పలకలేదు. కోడలు బయటికి రాబోయింది. హాల్లో అత్తగారి ఫోన్ మోగింది. రెండోసారి మోగకముందే పిల్ల ఎత్తేసింది, దానికోసమే కాచుకున్నట్టు.

"ఆఁ అత్తా... ఇప్పుడే వచ్చా... ఊఁ... నానమ్మ పడుకుంది... ఊఁ, తీస్తున్నా... నిజంగా? ఇవాళే వస్తున్నావా? ఎక్కడిదాకా వచ్చావు?"

కోడలు మళ్ళీ బీరువా పక్కకు ఒదిగింది. కదల్లేదు.

చిట్టి గదిలోకొచ్చింది. అమ్మ బీరువా చాటున ఉందని దానికెలా తెలుస్తుంది? గోడవార ఉన్న స్టూలు కిటికీ దగ్గరికి లాగింది. ఆ స్టూలు ఎప్పుడూ అక్కడే ఎందుకుంటుందో కోడలు ఎన్నోసార్లు విసుక్కుంది, బొమ్మలాటకు అనుకుంది. పిల్ల స్టూలెక్కి, మునివేళ్ళ మీద లేచి, పై గడియ లాగింది. రోజూ చేసే పని, చెయ్యి తడుముకోలేదు. రెండు రెక్కలూ బార్లా తెరుచుకున్నాయి.

మధ్యాహ్నపు గాలి లోపలికి పడింది. వేడిగా, బరువుగా, రాత్రి వానకు తడిసిన నేల వాసనతో. చల్లటి గదిలోకి అది వచ్చిపడటం కోడలికి ముఖానికి తగిలినట్టే తెలిసింది. లైటు వెలుగు గోడ మీదే ఉంది. ఆమె చూస్తుండగానే ఆ సున్నం మీద సన్నటి తడి పొర కమ్మింది. పొర చుక్కలైంది. ఒక చుక్క ఇంకో చుక్కను కలుపుకుని నల్ల మచ్చ మీదుగా కిందికి జారింది. ఇన్నాళ్ళూ తను వెతికిన దొంగ, ఇదుగో, కళ్ళెదుటే పనిచేస్తోంది. పుట్టగొడుగులు పెంచిన మనిషికి ఈ విద్య ఎవరూ నేర్పక్కర్లేదు. పొద్దున దుప్పట్ల కోసం అత్తగారు గోడను చల్లబరుస్తోంది. మధ్యాహ్నం ఈ కిటికీ దాన్ని తడుపుతోంది. ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

"చిట్టీ."

పిల్ల ఉలిక్కిపడి స్టూలు మీద తూలింది. కోడలు ఒక్క అంగలో వచ్చి పట్టుకుంది.

"అమ్మా! నువ్వు ఆఫీసుకు పోలేదా?"

"కిటికీ ఎందుకు తీశావమ్మా?" కోపం రాకూడదని పళ్ళ బిగువున అడిగింది.

"గాలాడాలిగా. గాలాడితే నా దగ్గు పోతుందని అత్త చెప్పింది. దగ్గు పోయాక నీకు సర్‌ప్రైజ్ అంట."

"రోజూ తీస్తున్నావా?"

"రోజూ. అత్త ఫోన్ చేసి గుర్తుచేస్తుంది, నానమ్మ పడుకున్నాక." చిట్టి తల్లి ముఖంలోకి చూసి, ఏదో తప్పు జరిగిందని పసిగట్టి, తొందరగా అంది, "నువ్వు వచ్చేలోగా మూసేస్తాను అమ్మా. ఎప్పుడూ మర్చిపోలేదు. నువ్వొచ్చే టైముకు మూసెయ్యమని అత్తే చెప్పింది."

దగ్గు తెర వచ్చి మాట ఆగిపోయింది. కోడలు పిల్లను దగ్గరికి లాక్కుని వీపు రాసింది. ఆ చిన్న ఛాతీలో పిల్లికూన మూలుగుతోంది. అమాయకంగా చెప్పి ఉండొచ్చుగా వదిన, ఊళ్ళో సగం మంది చెప్పే మాటేగా గాలాడాలన్నది? అలా అనుకుందామని మనసారా ప్రయత్నించింది. అయితే అమ్మ వచ్చేలోగా మూసెయ్యమనడం ఎందుకు? ఎంత ప్రయత్నించినా ఆ ఒక్క మాట గొంతు దిగలేదు.

తలెత్తేసరికి గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది. ఎప్పుడు లేచిందో, ఎంతసేపట్నుంచి వింటోందో తెలియదు. ఆవిడ కళ్ళు గోడ మీదున్నాయి. బీరువా పక్కనుంచి జారిన నీటి చార నేలను అందుకుంటోంది.

ఆ సంగతి అత్తగారితో అనడానికి కోడలికి ధైర్యం చాలలేదు. ఇందాక తొందరపడి ఒక తల్లిని అనరాని మాటలంది. ఇప్పుడు అదే తల్లితో ఆవిడ కన్నకూతురి గురించి ఏమని చెబుతుంది? రక్తం రక్తమే కదా. ఆవిడ "మా అమ్మాయి అలాంటిది కాదు" అని ఒక్క మాటంటే చాలు. ఇంట్లో ఇంకెవరూ తన మాట నమ్మరు. అక్క అంటే ప్రాణం పెట్టే మొగుడు అసలే నమ్మడు. ఇవాళే, ఈ సాయంత్రమే, చిట్టి ఆ కారెక్కుతుంది.

కిటికీ రెక్కలు దగ్గరికి లాగి గడియ పెట్టింది. అప్పుడే వీధిలో కారు హారన్ మోగింది.

"అత్త వచ్చేసింది!" అని చిట్టి పరుగెత్తింది.

మెట్ల మీద అడుగుల చప్పుడు, నవ్వులు, ముద్దులు. "నా బంగారమే! ఎంత చిక్కిపోయావు! బట్టలు సర్దుకున్నావా?" అంటూ వదిన లోపలికొచ్చింది. చేతినిండా బొమ్మల సంచీలు. ముఖం కడిగిన ముత్యంలా ఉంది. "రేపు వానలంటున్నారు, అందుకే ఇవాళే బయల్దేరాను. అమ్మా, ఏంటలా ఉన్నావు? నువ్వేంటి మరదలా, ఈ టైములో ఇంట్లో?" అని అడుగుతూనే పడకగది గుమ్మంలోకి వచ్చింది.

కోడలు ఆవిడ కళ్ళనే చూస్తోంది. ఆ కళ్ళు మంచం మీదికి పోలేదు, మనుషుల మీద నిలవలేదు. నేరుగా కిటికీ దగ్గరికి వెళ్ళాయి.

"అదేంటి?" అంది వదిన. మాట దానంతట అదే జారిపోయింది. "ఈ వేళప్పుడు కిటికీ మూసి ఉందేంటి?"

కోడలు నోరు తెరిచేలోగా అత్తగారు రెండడుగులు ముందుకేసింది. చిట్టి చెయ్యి పట్టుకుని మెల్లగా తన వెనక్కి లాక్కుంది. ఆసుపత్రి లాండ్రీని గడగడలాడించిన ఆ పాత గొంతు ఎక్కణ్ణుంచో తిరిగొచ్చింది.

"ఈ వేళప్పుడు అది తెరిచి ఉంటుందని నీకెవరు చెప్పారే?"